గాలికి ఎదురుగా

నాకు దెయ్యాలంటే భయం లేదు. ఒంటి మీద బల్లి పడితే మాత్రం నా కేకకి పక్కింటివాళ్లు కూడా లేచొస్తారు, అది వేరే సంగతి.

నేను పురుగుల ప్రయోగశాలలో సహాయకుణ్ణి. అక్కడో గాలి సొరంగం ఉంది. గాజు గోడలు, చెక్క నేల, మనిషి నిలబడేంత ఎత్తు. తలుపు ఉన్న చివర ఫ్యాను, దాని ముందు బుట్టలో రాత్రుళ్లు ఎగిరే ఆడ చిమ్మట. మగవాటిని అవతలి చివర వదులుతాం. ఆడదాని వాసన తగిలితే గాలికి ఎదురుగా తిన్నగా వచ్చేస్తాయి. తప్పిపోతే కుడికి, ఎడమకి, కుడికి... మళ్లీ తగిలేదాకా వెతుకుతాయి. వాటికి చీకటి కావాలి కాబట్టి పట్టపగలే కిటికీలు మూసి, ఒక్క ఎర్ర బల్బు వెలిగిస్తాం.

ఆ రోజు మా సీనియర్ అక్కని జడిపిద్దామని సొరంగంలో తలుపు పక్కనే నక్కాను. నేను "భౌ" అనేలోపే ఆవిడ నన్ను చూసుకోకుండానే బయట గడియ పెట్టేసి, ఫ్యాను వేసేసింది.

గాజు మీద బాదాను. ఆ హోరులో ఎవరికి వినపడుతుంది? అక్క అటు తిరిగి తీరిగ్గా టీ ఊదుకుంటోంది.

మగ పురుగుల్ని ఇంకా వదల్లేదు. అయినా అవతలి చీకట్లో ఏదో కదిలింది.

కాళ్ల కింద చెక్కలు అదిరాయి. కుడికి... ఎడమకి... కుడికి...

దాని వాసన నాకు రాదు. నా వాసన మాత్రం గాలి దానికే మోసుకెళ్తోంది.

అంతలో నావల్ల చిన్న పొరపాటు జరిగింది. అది తర్వాత చెబుతాను.

అడుగులు ఆగాయి.

తర్వాత తిన్నగా... నా వైపే.

అక్క ఇటు తిరిగింది. నన్ను చూసి నవ్వబోయి ఆగిపోయింది. గాజుకి నోరానించి అడిగింది.

"ఒరేయ్... నీతో ఇంకెవరొచ్చార్రా?"

"ఫ్యాను ఆపక్కా... నీకు పుణ్యముంటుంది..." నేనూ గాజుకి నోరానించే అరిచాను.

ఫ్యాను ఆగింది. గాలి ఆగింది. నా చేతికందేంత దూరంలో చెక్క కిర్రుమంది. కుడికి... ఎడమకి... వెతుకుతోంది.

గడియ తీసిన చప్పుడు. ఒక్క గెంతులో బయటపడ్డాను.

లైట్లు వేసి చూస్తే లోపల ఎవరూ లేరు. "గాజులో నీ నీడేలేరా" అంది అక్క, గబగబా బయటికి నడుస్తూ. సొరంగం తలుపు వెయ్యడం ఇద్దరం మరిచిపోయాం.

ఇంటికొచ్చి ప్యాంటు ఉతికి డాబా మీద ఆరేశాను. రాత్రంతా గాలి.

పొద్దున వీధి దుమ్ములో అడుగుల గుర్తులు. కుడికి, ఎడమకి, కుడికి... మా గేటు దగ్గర్నుంచి మాత్రం తిన్నగా డాబా మెట్లదాకా. తిరిగి వెళ్లిన గుర్తులు లేవు.

"ఉతికిన ప్యాంటే మళ్లీ ఉతుకుతావేంట్రా?" అంటోంది అమ్మ.

ఏమని చెప్పను? ఆ సొరంగంలో... దాన్ని తడిపేసుకున్నానని?