ఎనిమిదో ఎత్తు

సునయన చనిపోయిన రోజున కాకినాడ ఆసుపత్రిలో హైమవతి తొమ్మిది కాగితాల మీద సంతకాలు పెట్టింది. చదవకుండా దేనిమీదా సంతకం పెట్టవద్దని ముప్పై ఒక్క సంవత్సరాలుగా పిల్లలకు చెబుతున్న టీచరు ఆమె. ఆ రోజు మాత్రం ఒక్క కాగితమూ చదవలేదు. కూతుర్ని ఇంటికి తీసుకెళ్ళాలంటే అవన్నీ కావాలన్నారు, పెట్టింది. ఐదో కాగితం దేహం గురించినది కాదు. ప్రాణం పోయిన గంటలోపు సునయన బుర్రలోని చదరంగాన్ని అచ్చు తీసుకోవడానికి తల్లి ఇచ్చిన అనుమతి అది.

ఆ సంగతి ఎనిమిది నెలల తరువాత, సామర్లకోటలో తన బడిలోనే, ఒక సోమవారం ఉదయం ఆమెకు తెలిసింది.

సోమవారం పట్టీల రోజు. నేర్పుపట్టీ రెండు వేళ్ళ వెడల్పున ఉంటుంది. నుదుటికి అంటించుకుని పదకొండు నిమిషాలు కళ్ళు మూసుకుంటే అందులో ఉన్న నేర్పు మనిషికి వచ్చేస్తుంది. ఈత, కుట్టుపని, తబలా, భాగహారం, ఏదైనా సరే. ఎవరో ఒకరు ఏళ్ళ తరబడి కష్టపడి నేర్చుకున్నదాన్ని అచ్చు తీసి, ఆ అచ్చును లక్షల పట్టీల్లో నింపుతారు. ఊళ్ళో ఇప్పుడు ఎవరూ ఏదీ నేర్చుకోవడం లేదు, ఎక్కించుకుంటున్నారు. టీచర్లకు మిగిలిన పని పట్టీలు పంచడం, వాడినవి బకెట్‌లో వేయించడం.

ఆ బకెట్ అంటే హైమవతికి వెలపరం. నీలం జిగురు, పిల్లల చెమట, అంటుకుపోయిన వెంట్రుకలు, పులిసిపోయిన పిండి వాసన. మూత తీసిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టేది. చేతులు రెండుసార్లు కడుక్కున్నా అన్నం ముద్దలో ఆ వాసన వచ్చేది.

ఆ సోమవారం కొత్త పట్టీ వచ్చింది. పెట్టె మీద ‘చదరంగం: నల్లపావులకు గట్టి రక్షణ’ అని ఉంది. నలభై రెండు మంది పిల్లలు అంటించుకున్నారు, పదకొండు నిమిషాలకు పీకేశారు, ఇరవై ఒక్క బల్లల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నారు. తెల్లపావులవాళ్ళు ఆడాల్సిన ఎత్తులు గోడమీద వెలిగాయి. నల్లపావులవాళ్ళకు ఏదీ చూడవలసిన అవసరం లేకపోయింది. తెల్లరాజు ముందున్న బంటు రెండు గళ్ళు నడిచింది. నల్లవాళ్ళు అందరూ మంత్రి పక్క బిషప్ ముందున్న బంటును ఒకే ఒక్క గడి జరిపారు.

హైమవతి బకెట్ పట్టుకుని వరసల మధ్య నడుస్తూ ఆగింది. ఆ మొదలు ఆమెకు తెలుసు.

ఐదో ఎత్తుకు తెల్లగుర్రం నల్ల బిషప్ మీదికొచ్చింది. ఇరవై ఒక్క మంది పిల్లలు ఎడమ అరచేతిని పక్కటెముకల కింద అదుముకున్నారు. ఇరవై ఒక్క మంది ఊపిరి ఆపారు. తరువాత కుడిచేత్తో బిషప్‌ను ఒక గడి వెనక్కి జరిపారు.

బకెట్ ఆమె చేతిలోంచి జారింది. నీలం జిగురు చీర కుచ్చెళ్ళ మీద పడింది.

*

సునయన రాష్ట్రస్థాయి ఆటగత్తె. జబ్బు చేసి ఇంటికి వచ్చాక, సాయంత్రాలు వసారాలో చాప వేసి, తల్లికి ఆ రక్షణ నేర్పడం మొదలుపెట్టింది. అప్పటికే ఎవరూ ఎవరికీ ఏమీ నేర్పడం లేదు. పక్కింటివాళ్ళు గోడమీంచి తొంగిచూసి నవ్వుకునేవారు.

“పట్టీ ఉంది కదే, ఎందుకీ తిప్పలు?” అనేది హైమవతి.

“పట్టీ అయితే పదకొండు నిమిషాల్లో అయిపోతుంది. ఆ తర్వాత నువ్వెళ్ళి చిక్కుడుకాయలు ఒలుచుకుంటావ్. నాకేం పని?” అనేది సునయన.

తల్లి ఎప్పుడూ రాజు ముందున్న బంటును తొందరపడి జరిపి బిషప్‌కు దారి మూసేసేది. సునయన నెత్తి కొట్టుకునేది.

“తలుపేసుకోవద్దనట్లేదమ్మా. ముందు బిషప్‌ని బయటికి పంపి, అప్పుడేసుకో. వాణ్ణి లోపలుంచి గడియ పెట్టేశావనుకో, ఆటంతా ఆ మూలే పడుంటాడు. ఈ రక్షణలో కిటుకంతా అదొక్కటే. మిగతాదంతా ఓపిక.”

“మళ్ళీ చెప్పు.”

“లెక్కల టీచరువి! ఏడెత్తులకి మూడు నెలలా?”

“నీకు ఎక్కాలు రావడానికి రెండేళ్ళు పట్టింది. నేనేమైనా అన్నానా?”

“అన్నావ్. బెత్తంతో అన్నావ్.”

బిషప్‌ను జరిపే ముందు సునయన ఎడమచేతిని పక్కటెముకల కింద అదుముకుని కాసేపు ఆగేది. ఏమిటే అంటే, “ఆలోచిస్తున్నా, మాట్లాడించకు,” అనేది. అది ఆటగాళ్ళ అలవాటనుకుంది హైమవతి. మందులు బాగా పనిచేస్తున్నాయనీ, నొప్పేమీ లేదనీ కూతురు చెప్పిన మాటను నమ్మింది.

*

గురువారం, పట్టీలు తయారుచేసే నేర్పుల నిలయం నుంచి శ్రీకర్ అనే అధికారి వచ్చాడు. చక్కటి ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. స్టాఫ్‌రూమ్‌లో ఎదురుగా కూర్చుని ఒక దస్త్రం బల్లమీద పెట్టాడు.

“చిన్న ఇబ్బంది వచ్చిందండి మేడమ్. ఈ అచ్చు ఎక్కించుకున్న పిల్లలు నొప్పంటున్నారు. పరీక్షలు చేయిస్తే ఏమీ కనపడట్లేదు. మేం దీన్ని శేషం అంటామండి. నేర్పుతో పాటు అచ్చులోకి వచ్చేసిన చెత్త.”

“చెత్త,” అంది హైమవతి.

“అంటే... అనవసరమైన భాగమండి. తుడిచేస్తాం. కుటుంబసభ్యుల సంతకం ఒక్కటి కావాలి.”

“మొత్తం తీసేయండి. మా అమ్మాయి ఆట కూడా తీసేయండి.”

“అది కుదరదండి. ఇప్పటికే మూడు లక్షల మందికి ఎక్కింది. పైగా చాలా గట్టి రక్షణ, మంచి స్పందన ఉంది.” అతను సంచిలోంచి ఎర్ర రిబ్బను కట్టిన చిన్న పెట్టె తీశాడు. “మీకూ ఒకటి తెచ్చానండి. శేషం లేనిది, నమూనా. పదకొండు నిమిషాల్లో అమ్మాయిగారి ఆటంతా మీకొచ్చేస్తుంది. మా తరఫున చిన్న కానుక.”

హైమవతి కుర్చీలోంచి లేచింది. కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. పెళ్ళి భోజనంలో ఆకు మీద మిఠాయి వడ్డించినట్టు, ఈ మనిషి తన కూతుర్ని రిబ్బను కట్టి బల్లమీద పెట్టాడు. పెట్టినందుకు మెచ్చుకుంటుందేమోనని చూస్తున్నాడు. అంతకంటే రోత పుట్టించినది మరొకటి ఉంది. దానికి అనుమతి ఇచ్చిన చెయ్యి తనదే.

“సంతకం పెట్టను,” అంది. అలా చెయ్యి అదుముకుని ఊపిరి ఆపడం, సునయన ఇంకా ఈ లోకంలో చేస్తున్న పని అదొక్కటే. దాన్ని తుడవడానికి వీల్లేదు.

శ్రీకర్ దస్త్రం అక్కడే ఉంచాడు. “సాయంత్రం దాకా ఊళ్ళోనే ఉంటానండి,” అన్నాడు.

*

బడి వదిలాక ఐదో తరగతి కెజియా ఒక్కతే బల్ల దగ్గర కూర్చుని ఉంది. ముందు పావులు పరిచి ఉన్నాయి. ఎడమచెయ్యి పక్కటెముకల కింద ఉంది.

“ఇంటికెళ్ళవేమే? కడుపునొప్పా?”

“నాక్కాదు టీచర్. డాక్టర్ గారికీ అదే చెప్పాను, వినట్లేదు. నేను బాగానే ఉన్నాను.” ఆ పిల్ల బిషప్‌ను చూపించింది. “ఇది ముట్టుకుంటే ఎవరికో నొప్పెడతంది.”

“ఎవరికి?”

“తెలీదండి. ఎవరో అక్క. చాలా నొప్పి. కానీ పైకి చెప్పట్లేదు. ఎదురుగా ఎవరో కూర్చున్నారంట, వాళ్ళకి తెలియకూడదంట.” కెజియా తలెత్తింది. “వాళ్ళెవరో గానీ, చూడొచ్చు కదండీ ఆ అక్క మొహం.”

హైమవతి పిల్లల బెంచీ మీద కూర్చుంది. వసారాలో ఆ మూడు నెలలూ ఆమె చదరంగం బల్లకేసే చూసింది. బంట్లు లెక్కపెట్టుకుంది. తలెత్తి చూడలేదు.

“ఆపమని చెప్పండి టీచర్,” అంది కెజియా. “ఆ అక్కకి తగ్గిపోతే నాకూ తగ్గిపోద్ది.”

“చెబుతాను.” ఆమె పావుల మీదికి వంగింది. “ముందు ఇది చెప్పు. ఆ బిషప్‌ను అంత తొందరగా బయటికి ఎందుకు పంపావు?”

కెజియా బిత్తరపోయింది. “ఎందుకంటే... చెయ్యి అలాగే వెళ్ళిందండి.”

“ఇలా చూడు. ఈ బంటును ముందు జరిపావనుకో, తలుపు వేసుకున్నట్టే. వాడు లోపలే ఉండిపోతాడు.”

ఆ పిల్ల బంటును జరిపింది, బిషప్‌ను కదిలించి చూసింది, దారి లేదు. బంటును వెనక్కి పెట్టింది. “ఓహో!” అంది. “ఇందుకా! మరి పట్టీలో ఇది చెప్పలేదేంటండి?”

స్టాఫ్‌రూమ్‌కు వెళ్ళి హైమవతి శ్రీకర్‌ను పిలిపించింది. దస్త్రం నలభై మూడు పేజీలు. మొదటి పేజీ నుంచి ప్రతి అక్షరమూ పైకి చదివింది. పదహారో పేజీ దగ్గర అతను గడియారం చూసుకున్నాడు. “సారాంశం నేను చెబుతానండి మేడమ్,” అన్నాడు.

“కూర్చోండి,” అంది, ఐదో తరగతితో అన్నట్టే. నలభై మూడో పేజీ అయ్యాక సంతకం పెట్టింది. రిబ్బను కట్టిన పెట్టెను చేత్తో ముట్టుకోకుండా, దస్త్రం అంచుతో అతని వైపు నెట్టింది.

మరుసటి సోమవారం శేషం తుడిచిన కొత్త పట్టీలు వచ్చాయి, పిల్లలు మళ్ళీ అంటించుకున్నారు. ఐదో ఎత్తుకు ఇరవై ఒక్క మంది పిల్లలు బిషప్‌ను వెనక్కి జరిపారు. ఎవరి చెయ్యీ పక్కటెముకల మీదికి వెళ్ళలేదు. కెజియా ఇటు తిరిగి, ఆ అక్కకు తగ్గిపోయిందన్నట్టు తల ఊపింది. హైమవతి బకెట్ మూత పెట్టి చేతులు కడుక్కుంది.

ఇంట్లో, వసారా పక్కగదిలో, ఆ చదరంగం బల్ల అలాగే ఉంది. చివరి సాయంత్రం సునయన తెల్లవైపు అంచున ఉన్న బంటును ముందుకు తోసి బిషప్ మీదికి ఎక్కించింది. “ఆలోచించుకో, రేపు చెబుదువు గాని,” అని పడుకుంది. బిషప్ తప్పుకోవడానికి గడి ఒకటుంది. రెండెత్తుల ముందు, తడబడుతూ, హైమవతి తన చేత్తోనే ఆ చోటు ఖాళీ చేసిపెట్టింది. అది ఆమెకు కనపడుతూనే ఉంది.

నల్లపావుల ఎనిమిదో ఎత్తు ఇంకా వేయలేదు.