సముద్రానికి పనికిరాని జిప్పు

"ఏవండీ, ఆ సుత్తి కాసేపు కింద పెడతారా?"

అతను తలెత్తి చూశాడు. గుమ్మంలో ఒక అమ్మాయి. చెవికి హెడ్‌ఫోను, ముక్కు మీద కోపం.

"పెడితే ఈ సూట్‌కేసుకి చక్రం మీరు బిగిస్తారా?"

"నేనక్కడ ఒకాయనకి హనీమూన్ అమ్ముతున్నాను. 'ఆ ఐలాండ్‌లో అలల చప్పుడు తప్ప ఇంకేం వినపడదండీ' అంటున్నాను. ఇటునుంచి మీరు ఠంగు ఠంగు. 'పక్కన భవనమేమన్నా కడుతున్నారా మేడమ్' అన్నాడాయన."

"అక్కడి అలలు కాస్త గట్టివని చెప్పాల్సింది."

ఆ అమ్మాయి చూసిన చూపుకి చక్రం దానంతటదే బిగుసుకోవాలి. బిగుసుకోలేదు. అతనే సుత్తి కింద పెట్టాడు.

ఒకే గదిని మధ్యలో ప్లైవుడ్ పెట్టి రెండు షాపులు చేశాడు దాని ఓనరు. రెండు అద్దెలొస్తాయి కదా. ఇవతల ఇతను బ్యాగులు, సూట్‌కేసులు బాగు చేస్తాడు. ఇతన్ని వీధి వీధంతా జిప్పు అనే పిలుస్తుంది. అవతల ట్రావెల్స్ ఆఫీసు. అది ఆ అమ్మాయి పిన్నీ బాబాయిలది. తల్లిదండ్రులు లేని పిల్లని వాళ్ళే పెంచి పెద్ద చేశారు. పిన్ని మాట్లాడుతుంది, బాబాయి తలాడిస్తాడు. ఏమడిగినా "మీ పిన్ని ఎలా అంటే అలా" అనడం ఆయన ఉద్యోగం.

ఆ రోజు గొడవ తర్వాత ఒక ఒప్పందం కుదిరింది. ఆమె ఫోను మాట్లాడేటప్పుడు ప్లైవుడ్ మీద వేలితో కొడుతుంది, అతను సుత్తి ఆపాలి. ఆపాడు. సుత్తి ఆగితే చెవులాగుతాయా? గోడలకి చెవులుంటాయంటారు. ఈ గోడకి నోరు కూడా ఉంది.

ఆమె పని చేసే పద్ధతి విని మొదట్లో అతనికి మతిపోయింది. కస్టమర్లని పంపేముందు ప్రతి హోటలుకీ కొత్త పెళ్ళికూతురిలా ఫోన్ చేస్తుంది. ఏజెంటునని చెప్పదు. చెబితే అందరూ తేనె పూసి మాట్లాడతారట.

"హలో, మాకు ఈమధ్యే పెళ్ళయిందండీ. మా ఆయనకి మెత్తటి దిండు లేకపోతే నిద్ర పట్టదు. పాపం, మెడ నొప్పి. ఇంకో దిండు ఇస్తారా?"

ఆ 'పాపం'లో ఎంత గారాబమో. ఫోను పెట్టగానే ఆ గారాబమంతా ఎండిపోయేది. "పిన్నీ, ఈ హోటల్ వద్దు. దిండడిగితేనే విసుక్కుంటున్నాడు."

ఇవతల అతనికి ఒళ్ళు మండేది. ఎవడి మీద? లేని మొగుడి మీద. వాడికి మెడ నొప్పట. ఒకరోజు పడవ పడదు, ఇంకోరోజు చేప పడదు. వాడికి పడనివన్నీ ఆమెకి తెలుసు. పొద్దస్తమానం వంగి కుట్లు వేసే ఇతని మెడ సంగతి అడిగిందా ఎప్పుడైనా? పెద్ద చదువులు చదివినవాళ్ళు దీనికేదో పేరు పెట్టే ఉంటారు. మామూలు మాటల్లో కుళ్ళు. అయినా లేనివాడు కదా అని సర్దుకుపోయాడు. ఉన్నవాడితో వచ్చింది తంటా.

ఆ రోజు వాన. వీధిలో ఒక్క మనిషి లేడు. ప్లైవుడ్ మీద వేలు పడింది, సుత్తి ఆగింది.

"హలో, నేనేనండీ."

అతను చెవి రిక్కించాడు. పెళ్ళికూతురి గొంతు కాదది. ఎండిపోయిన ఆఫీసు గొంతూ కాదు. ఆమె సొంత గొంతు. దాన్ని ఇవతలికొచ్చి తనని తిట్టడానికి తప్ప ఇంకెందుకూ వాడదనుకున్నాడు ఇన్నాళ్ళూ.

"ఇద్దరం వస్తాం. సముద్రం వైపు గది ఉందా? మీరు చూపిస్తే చూస్తానులెండి, ఎందుకు చూడను." తర్వాత నవ్వు. చిన్నది కూడా కాదు.

స్పీకర్లో మగగొంతు. మెత్తగా, పాలిష్ పెట్టిన తోలులా ఉంది. "మీరొస్తే వాన కూడా ఆగుతుందండీ ఇక్కడ."

ఇక్కడ మాత్రం ఆగలేదు. చూరు నుంచి ధారగా కారుతున్న నీళ్ళు చూస్తూ కూర్చున్నాడు జిప్పు. చేతిలోని సూది వేలిలో దిగింది.

మర్నాడు ఆమె తనే వచ్చింది. "ఒక బీచ్ బ్యాగు కుట్టాలి. కొత్తది."

"ఎవరికి, ప్యాకేజీ?" ప్యాకేజీ అన్నది అతను ఆమెకి పెట్టిన పేరు. ఆ పిలుపు ఆమెకి గిట్టదు. గిట్టదనే పిలుస్తాడు.

"నాకే. సెలవు పెట్టాను. ఐలాండ్‌కి వెళ్తున్నా."

"ఇద్దరా?"

"ఎలా తెలుసు?" కనుబొమ్మ లేపింది. "సుత్తి ఆపమన్నాను గానీ చెవులు ఇటు పెట్టమన్నానా?"

"రెండోవాళ్ళు ఎవరో తెలిస్తే పట్టీ పొడవు చూసుకుంటాను. పొడుగు మనిషైతే..."

"బ్యాగు నేనే మోస్తాను. నా పొడుగు నీకు తెలుసుగా. రోజూ చూస్తూనే ఉన్నావు."

అతను టేపు కోసం కిందికి వంగాడు. టేపు బల్ల మీదే ఉంది.

ఆమె స్టూలు లాక్కుని కూర్చుని ప్లాను చెప్పడం మొదలుపెట్టింది. విమానం దిగి పడవెక్కాలి. పొద్దున్నే అయితే సముద్రం నిదానంగా ఉంటుంది, ఎండెక్కితే ఎగురుతుంది. గది పడమటి వైపు తీసుకుంటే సాయంత్రం వరండాలోనే పొద్దు గుంకడం చూడొచ్చు. మధ్యాహ్నం నీళ్ళలోకి దిగితే అడుగున రంగు చేపలు కనపడతాయి.

"సొరచేపలు కూడా ఉంటాయంట," అన్నాడు జిప్పు.

"ఆ సముద్రంలో లేవు."

"జెల్లీ చేపలు?"

"ఈ నెల్లో రావు."

"పడవ తిరగబడితే?"

"లైఫ్ జాకెట్ ఇస్తారు. ఏం, నీకు పడవంటే భయమా?"

"నేనెక్కుతున్నానా భయపడ్డానికి?"

ఆ మాట కాస్త గట్టిగా వచ్చింది. ఆమె ఏదో అనబోయి ఆగింది. ఇంతలో పిన్ని ఇటే వచ్చి, ఆగినదాన్ని పూర్తి చేసింది.

"బ్యాగు గట్టిగా కుట్టు బాబూ. మంచి పని మీద వెళ్తున్నాం. అక్కడి హోటల్ మేనేజరు మా చుట్టాలబ్బాయే. బుద్ధిమంతుడు. దీన్ని చూపించినట్టూ ఉంటుంది, నేను సముద్రం చూసినట్టూ ఉంటుంది. వీళ్ళిద్దరికీ కుదిరితే ఇది ఇంకక్కడే ఉంటుంది హాయిగా, ఈ డబ్బా గదిలో కాకుండా."

రెండోవాళ్ళు పిన్ని అని తెలిసి అతని గుండె మీంచి ఒక రాయి దిగింది. ఆ వెంటనే అంతకంటే పెద్దది ఎక్కి కూర్చుంది.

ఆమె అతని మొహంలోకే చూస్తోంది. ఏదైనా అంటాడేమోనని. అతనన్నది ఒక్కటే. "సోమవారం తీసుకెళ్ళండి."

ఇలాంటి మగవాళ్ళు లోకంలో కొల్లలు. చెప్పాల్సిన చోట నోరు పడిపోతుంది. తర్వాత చెయ్యకూడని పని చెయ్యడానికి చెయ్యి లేస్తుంది.

బ్యాగు అందంగా కుట్టాడు. లోపల తడి దిగని గుడ్డ, తడి బట్టలకి వేరే అర, ఇసక దులుపుకోవడానికి అడుగున జాలీ. కుడుతున్నంతసేపూ కళ్ళముందు ఆ మేనేజరే కనపడ్డాడు. వరండాలో పడమటి వైపు కూర్చుని ఉన్నాడు. పక్కన ఆమె. వాడేదో అన్నాడు, ఈమె నవ్వింది. జిప్పు వెయ్యాల్సిన దగ్గరికొచ్చేసరికి అతని కడుపులో మంట చేతుల్లోకి దిగింది. ప్లాస్టిక్ పళ్ళ జిప్పు పక్కకి నెట్టి, నల్లరంగు పూసిన ఇనుపది తీశాడు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. ఉప్పుగాలి తగిలిందంటే తుప్పుపట్టి బిగుసుకుంటుంది. దేవుడు దిగొచ్చి లాగినా రన్నర్ కదలదు.

సోమవారం బ్యాగు తీసుకెళ్ళింది. కాసేపటికే తిరిగొచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇదేంటి?"

"జిప్పు."

"ఇనుపది."

"గట్టిగా ఉంటుందని."

"'సముద్రానికి తీసుకెళ్ళే బ్యాగుకి ఇనుప జిప్పు వద్దండీ, పట్టేస్తుంది.' ఈ మాట ఎంతమందికి చెప్పావు నువ్వు? నీకొక్కడికే చెవులున్నాయనుకున్నావా? నీ దగ్గర విన్నదే నా కస్టమర్లకి చెప్తున్నాను. అన్నీ తెలిసినదానిలా."

అతను జిప్పు పళ్ళని వేలితో తడిమాడు. ఆమె గొంతు తగ్గించింది.

"పొరపాటున పడిందా?"

తప్పించుకోవడానికి తలుపు ఆమే తెరిచింది. ఔనంటే అయిపోయేది. వేరేది వేసిచ్చేస్తే పొద్దున్నే పడవెక్కేది.

"కాదు. కావాలనే వేశాను."

"ఎందుకు?"

"వాడి ముందు అది తెరుచుకోకూడదని."

"తెరుచుకోకపోతే?"

"నీకు చిరాకొస్తుంది. నన్ను తిట్టుకుంటావు."

"తిట్టుకుంటే నీకేంటి లాభం?"

"తిట్టుకున్నంతసేపూ నన్నే తలుచుకుంటావుగా."

ఆమె బ్యాగు పట్టీని వేలికి చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది.

"నీ దగ్గరికి అస్తమానం వచ్చే ఆ లెక్చరరమ్మ హ్యాండ్‌బ్యాగు ఎందుకలా తెగుతుంది?"

"ఇప్పుడావిడెందుకు?"

"చెప్పు."

"తెగదు. ఆవిడే కత్తిరించుకొస్తుంది. గాటు చూస్తే తెలీదా?"

"తెలిసే కుడుతున్నావా?"

"పని కదా మరి."

"ఇకమీదట కుట్టకు." తల దించుకునే చెప్పింది. "ఆవిడొచ్చినప్పుడల్లా నేను తప్పు ఊళ్ళకి టికెట్లు వేస్తున్నాను. బాబాయి చేత తిట్లు తినలేను."

బాబాయి తిట్టడం ఎవరూ ఎరగరు.  

"అయిందా?" ప్లైవుడ్ అవతలనుంచి పిన్ని గొంతు. "లేక నేనింకాసేపు ఆగాలా?"

వచ్చి బ్యాగు చేతిలోకి తీసుకుంది. జిప్పు లాగి చూసింది.

"నమ్మి పనిస్తే చెడగొట్టిచ్చావు. అలాంటివాడి చేతిలో పిల్లనెలా పెట్టమంటావు బాబూ?"

అతను బ్యాగు ఇమ్మని చెయ్యి చాచాడు. 

"నేను వెళ్ళను పిన్నీ," అంది ఆమె.

"వెళ్ళకు. నేనూ మీ బాబాయీ వెళ్తాం. అబ్బాయిని నా కళ్ళతో చూస్తాను. నేననుకున్నంత మంచివాడైతే అక్కడే మాటిచ్చి వస్తాను. పెంచినదాన్ని, ఆ మాత్రం అధికారం లేదా నాకు?"

"మీ పిన్ని ఎలా అంటే అలా," అన్నాడు గుమ్మంలో బాబాయి.

అతను ఆ ఇనుపది విప్పేసి, ప్లాస్టిక్ పళ్ళది వేసి, రన్నర్‌కి మైనం రాసి, పిన్ని చేతికిచ్చాడు. ఆవిడ లాగి చూసింది. భుజానికి తగిలించుకుని వెళ్ళింది.

వాళ్ళు ఐలాండ్‌కి వెళ్ళాక ఇక్కడ ఇద్దరికీ పని సాగలేదు. ప్లైవుడ్‌కి అటొకరు ఇటొకరు. వాడు మంచివాడు కాకపోతే బాగుండునని అతను దండం పెట్టుకున్నాడు. తాగుబోతైనా పరవాలేదు. కనీసం పొట్టివాడు.

"ఎలా ఉంటాడు వాడు?" అన్నాడు ఇటునుంచి.

"ఫోటోలో బాగానే ఉన్నాడు."

"ఎంత బాగా?"

"నీకంటే కొంచెం."

అతను ఒక మంచి సూట్‌కేసు పిడి అనవసరంగా ఊడబీకాడు.

ఒక సాయంత్రం ఫోను మోగింది. ఆమె దాన్ని ఇవతలికే తెచ్చి, స్పీకర్ పెట్టింది. చేసింది పిన్ని కాదు, బాబాయి. ఆయన తనంతట తను ఫోన్ చెయ్యడం అదే మొదలు.

"కుర్రాడెలా ఉన్నాడని అడగవేమమ్మా?"

"ఎలా ఉన్నాడు బాబాయ్?"

"బంగారం. అదే నా ఖర్మ."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పొద్దున్నే మీ పిన్నికి కొబ్బరిబోండాం. కూర్చుంటే కుర్చీ, నిలబడితే గొడుగు. 'ఈ రంగు మీకు భలే నప్పిందండీ' అంటాడు. ఈవిడ నావైపు తిరిగి, 'ఇన్నేళ్ళలో మీరొక్కసారైనా అన్నారా' అని నలుగురిలో నిలదీసింది. ఇసకలో నిలబెట్టి. నేనేం చెప్పను? అనలేదు మరి."

"అయ్యో బాబాయ్."

"వాడు ఈ ఇంటి అల్లుడైతే నా బతుకేం కాను? చచ్చేదాకా వాడితో పోల్చి సతాయిస్తుంది. ఆ జిప్పు ఉన్నాడా అక్కడ?"

"ఉన్నాను బాబాయిగారూ."

"నీకు ఆడవాళ్ళని పొగడ్డం వచ్చా?"

"రాదండీ."

"గొడుగు పడతావా?"

"చేతులు ఖాళీ ఉండవండీ."

"చాలు నాయనా. నువ్వే మా అల్లుడివి. మీ పిన్ని ఏమన్నా సరే."

వెనకనుంచి పిన్ని ఫోను లాక్కున్నట్టుంది. ఆవిడ గొంతులో కోపం వెతికారు ఇద్దరూ. దొరకలేదు. నవ్వు ఆపుకుంటున్న గొంతు, పదేళ్ళు తగ్గినట్టుంది.

"మీ బాబాయి కుళ్ళుకుంటున్నాడే. నిజంగానే. నా పక్కనుంచి కదలడం లేదు. ఆ పిల్లాడు నీళ్ళ గ్లాసిస్తే మధ్యలో తీసుకుని తనిస్తున్నాడు. ఈ మనిషికి ఇంతుందని నాకేం తెలుసు?" కాస్త ఆగింది. "అబ్బాయ్, వింటున్నావా? పని చెడగొట్టినందుకు నేనింకా మర్చిపోలేదు. కానీ నువ్వెందుకు చెడగొట్టావో ఇక్కడికొచ్చాక అర్థమైంది. మేమొచ్చాక కూర్చుని మాట్లాడుకుందాం. మంచి మాటలే."

ఫోను ఆగింది. 

"నిజంగానే పొగడ్డం రాదా?" అందామె.

"రాదు."

"నేర్చుకోవచ్చుగా. ఆ మేనేజరు నంబరు నా దగ్గరుంది."

"ముందు ఆ నంబరు తీసెయ్."

"ఆఫీసు నంబరు. ఎలా తీసేస్తాను? ఇంకా ఎంతమందిని పంపాలి అక్కడికి. రోజూ మాట్లాడాలి."

అతనికి మళ్ళీ మండింది. మొహం గంటుపెట్టుకుని సూట్‌కేసు పిడి వెతకసాగాడు. ఆమె స్టూలు దగ్గరికి జరుపుకుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఆ మొహాన్నే చూస్తూ కూర్చుంది. పడమటి వైపు వరండాలో పొద్దు గుంకడం చూసినంత తీరిగ్గా.