మూడు వందల ట్యూబులు

అక్రా. ఉదయం తొమ్మిది.

"క్లినిక్‌లో పెట్టె కొట్టేశారు," అంది చీఫ్ ఎసాబా. "లూపస్ ఉన్న ఆడవాళ్ల రక్తం, మూడు వందల ట్యూబులు. విదేశీ ముఠా పని. రెండింటికి వాళ్ల విమానం."

ఏజెంట్ ఎఫువాకు లూపస్ సంగతి బాగా తెలుసు. ఒంటిని కాయాల్సిన కణాలే ఒంటి మీద తిరగబడే జబ్బు అది. పదిమంది రోగుల్లో తొమ్మిదిమంది ఆడవాళ్లే. ఆడవాళ్లకు మాత్రమే ఉండే రెండో ఎక్స్ క్రోమోజోములో నిద్రపోవాల్సిన జన్యువు మేలుకుంటుంది. ఆడ హార్మోను ఈస్ట్రోజెన్ దానికి ఆజ్యం పోస్తుంది. ఏ మందు ఎవరికి పడుతుందో ఆ ట్యూబులే చెప్పాలి. అందులో ఒకటి ఆమె అక్క అబా రక్తం. అక్క కిడ్నీలు ఇంకో నెల ఆగేలా లేవు.

పదకొండింటికి నదీన్ వచ్చింది. ముఠాలో ఉంటూ వీళ్లకు కబుర్లు మోసే మనిషి. ఎర్ర గౌను, చేతిలో క్లినిక్ పెట్టె.

"మొక్కజొన్న కెంకీ వేడిగా ఉందా?" కోడ్ అడిగాడు క్వామెనా. ఎఫువా సహచరుడు; ఏడాదిగా ఆమె దగ్గర పెళ్లి మాట ఎత్తుతూ దించుతూ ఉన్నవాడు.

"చేపే చల్లారింది." నదీన్ నవ్వి, పెట్టె అతని చేతిలో పెట్టింది.

"ఎండనపడి వచ్చావు, కూర్చో. కొబ్బరినీళ్లు తాగు."

"నన్నెప్పుడైనా అడిగావా?" అంది ఎఫువా.

"నువ్వు ఎండలోనే పుట్టావుగా!"

నదీన్ వెళ్లిపోయింది. ఎఫువా ట్యూబు మూత తీసింది.

"ఏయ్, కుళ్ళుబోతూ! ఆ పిల్ల ప్రాణాలకు తెగించి తెచ్చింది."

"అయితే నువ్వెళ్లి ఆమెకు విసనకర్రతో విసురు."

చుక్క రక్తానికి రంగు వేసి, జేబు మైక్రోస్కోపు కింద పెట్టింది. ఆడవాళ్ల తెల్లకణాల్లో కొన్నింటికి డోలుపుల్ల లాంటి చిన్న బుడిపె ఉంటుంది. అది రెండో ఎక్స్. ఐదు ట్యూబులు, వందల కణాలు చూసింది. ఒక్క బుడిపె లేదు.

"క్వామెనా, ఇది మగవాళ్ల రక్తం. ముఠావాళ్లు వాళ్ల చేతులే గుచ్చుకుని నింపారు!"

ఒంటిగంట యాభై ఎనిమిది. విమానం తలుపు మూయబోతుంటే ఎఫువా కాలు అడ్డుపెట్టింది. నదీన్ ఒడిలో కేకు డబ్బా. అందులో ఐసు, ట్యూబులు. మూడో వరసలో అబా పేరు.

"అతను అందగాడే," అంది నదీన్, బేడీలకు చేతులిస్తూ.

"తెలుసు. పద."

సాయంత్రం రిపోర్టులో 'అనుమానానికి ఆధారం' అన్న చోట ఎఫువా 'శాస్త్ర పరిశీలన' అని రాసింది. చీఫ్ ఎసాబా చదివి, క్వామెనా వంక ఓసారి చూసి, ఏమీ దిద్దకుండా సంతకం పెట్టింది.