దూది బండి, ఒక ఫోన్ కాల్

"నా బండి గురించి పోలీసులకి ఫోన్ చేసింది మీరేనాండి?"

వేములదిన్నె సచివాలయంలో, పొద్దున పది గంటలకు, రిజ్వానా బల్ల ముందు నిలబడి ఆ అబ్బాయి అడిగిన మొదటి మాట ఇది. కోపంగా అడిగి ఉంటే ఆమెకు సులువుగా ఉండేది. రేషన్ కార్డు సంగతి అడిగినంత మామూలుగా అడిగాడు. చొక్కా నిండా దూది నూగు. కనురెప్పల మీద కూడా.

రిజ్వానా ఆ ఊరి మహిళా పోలీసు. ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది.

"నేనేనండి," అంది.

"నా పేరు సుభానీ. మాది నరసరావుపేట. మా నాన్నా నేనూ పరుపులు కుడతాం."

"తెలుసండి."

"తెలియకేం. నిన్న నాలుగు గంటలు స్టేషన్లో కూర్చోబెట్టి మా తాత పేరు దాకా అడిగారుగా."

జరిగింది ఇదీ. నాలుగు రోజుల కిందట ఉత్తరాదిన ఒక రైల్వే స్టేషన్లో బాంబు పేలి పదకొండుమంది పోయారు. కొత్త మనుషులు, కొత్త బండ్లు కనిపిస్తే చెప్పమని ఊరూరికీ ఆర్డర్లు వచ్చాయి. నిన్న మధ్యాహ్నం బడి గోడ పక్కన టార్పాలిన్ కప్పిన ట్రాలీ ఆటో ఒకటి ఆగి ఉంది. మనిషి లేడు. టార్పాలిన్ కింద మోటారు, వైర్లు, గోతాలు. రిజ్వానా ఫోన్ చేసింది. రెండు జీపులు దిగాయి. గుంటూరు నుంచి కుక్క కూడా వచ్చింది. అది గోతంలో మూతి పెట్టి, ఏడుసార్లు తుమ్మి, పక్కకెళ్ళి పడుకుంది. గోతాల్లో ఉన్నది బూరుగు దూది. మోటారు దూది ఏకే మిషన్‌ది. టీ తాగి తిరిగొచ్చిన బండి ఓనరుని మాత్రం అప్పటికే స్టేషన్‌కి తీసుకెళ్ళారు.

"సారీ అండి," అంది రిజ్వానా.

"సారీ వద్దు మేడమ్. ఒక కాగితం కావాలి. ఈ సుభానీ ఉగ్రవాది కాడు అని రాసి, స్టాంపు కొట్టివ్వండి."

"అలాంటి సర్టిఫికెట్ లేదండి. కులానిది ఉంది, ఆదాయానిది ఉంది..."

"కొత్తగా పెట్టించండి. మావాళ్ళు చాలామంది అప్లై చేస్తారు."

ఇద్దరికీ నవ్వొచ్చింది. ముందుగా నవ్వు ఆపింది అతనే.

"బుల్లయ్య గారమ్మాయి పెళ్ళికి సారె పరుపు ఒప్పుకున్నానండి. నిన్నటి నుంచి ఆయన వద్దంటున్నారు. ఆ మాట పక్క ఊరికి నాకంటే ముందే చేరుతుంది. ఇంక ఏ వాకిట్లోనూ నా బండి ఆగనివ్వరు. నాకు ఇంకో పని రాదు."

రిజ్వానా లేచి చెప్పులేసుకుంది.

బుల్లయ్య మిర్చి రైతు. మెల్లగా మాట్లాడటం ఆయనకి చేతకాదు. "నాకేం అనుమానం లేదమ్మాయ్. జనం అంటున్నారు. నిప్పు లేనిదే పొగ రాదు గదా."

"ఆ పొగ పెట్టింది నేనే బాబాయ్ గారూ."

ఆయన మీసం దువ్వుకుని ఆలోచించాడు. "సరే. పని అయ్యేదాకా నువ్వు ఇక్కడే కూర్చుంటానంటే నా పంచలో ఏకించుకుంటా."

అలా మూడు రోజులు రిజ్వానా రేకుల పంచలో కుర్చీ వేసుకుని, ఒళ్ళో సర్వే రిజిస్టర్ పెట్టుకుని కూర్చుంది.

"ఈ మిషన్ ఎప్పుడైనా చూశారాండి?" అని అడిగాడు సుభానీ మొదటిరోజే.

"లేదండి."

ఆ ఒక్క అబద్ధానికి ఆమె వెంటనే సిగ్గుపడింది. ఎందుకంటే అతను ఎంతో సంబరంగా అన్నీ చెప్పడం మొదలుపెట్టాడు. బూరుగు దూది ఎందుకు చలవో, పాత దూదిని ఎన్నిసార్లు ఏకాలో, గింజ మిగిలితే ఏమవుతుందో.

"గింజ ఉంటే నిద్ర పట్టదండి. మా నాన్న తడిమి చెప్పేస్తారు. నాకింకా ఆ విద్య రాలేదు."

"అంటే మీరు కుట్టిన పరుపు మీద నిద్ర రాదన్నమాట."

"మీకు రాదేమో. నిద్రలో కూడా బండి నంబర్లు రాసుకునేవాళ్ళకి ఏ పరుపైనా ఒకటే."

రెండోరోజు సాయంత్రం ఉన్నట్టుండి వాన. జల్లు పంచలోకి కొడుతుంటే ఇద్దరూ చెరో వైపు పట్టుకుని టార్పాలిన్ అడ్డం పెట్టారు. దూది తడవలేదు గానీ వాళ్ళిద్దరూ ముద్దయ్యారు. అతని మొహం మీద నూగంతా కొట్టుకుపోయింది. నూగు లేని ఆ మొహాన్ని రిజ్వానా అవసరమైన దానికంటే ఎక్కువసేపే చూసింది.

"ఏంటండీ, వెరిఫికేషనా?"

"ఆధార్ ఫొటోతో పోల్చి చూస్తున్నా."

"కుదిరిందా?"

"ఫొటోనే నయం."

అతను నవ్వి, వాన వైపు చూస్తూ అన్నాడు. "ఆ బాంబు వార్త విన్నరోజు మా నాన్న అన్నం ముట్టలేదండి. పోయినవాళ్ళ కోసం ఏడ్చారు. చేసినవాడి పేరు ఏం బయటికొస్తుందోనని మళ్ళీ భయపడ్డారు. ఏడవడానికి కూడా మాకు తీరిక ఉండదు."

రిజ్వానాకి ఆ భయం తెలుసు. వాళ్ళింట్లో కూడా ఆ రోజు అమ్మ టీవీ ముందు అదే భయంతో కూర్చుంది.

మూడోరోజుకు పరుపు తయారైంది. ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. చివరి మూల కుట్టకుండా వదిలేస్తారు. ఇంటి పెద్ద అందులో చెయ్యి పెట్టి, పేలికలు కాకుండా మంచి దూదే ఉందని చూసి "కుట్టు" అనాలి. అప్పుడే ఆ మూల మూస్తారు.

బుల్లయ్య చెయ్యి చాపి ఆగిపోయాడు. గోడ అవతల పదిమంది నిలబడి చూస్తున్నారు. "జాగ్రత్త మామా," అన్నారెవరో. ఎవరూ నవ్వలేదు. సుభానీ దబ్బనం పట్టుకుని తల దించుకున్నాడు.

రిజ్వానా వచ్చి నేల మీద కూర్చుని, భుజం దాకా చెయ్యి లోపలికి దూర్చింది. "మంచి దూది బాబాయ్ గారూ. గింజ లేదు."

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. ఆమె ఊరుకోలేకపోయింది.

"ఫోన్ చేసేటప్పటికే ఇది దూది మిషనని నాకు తొంభై శాతం తెలుసు. మా తాతదీ ఇదే పని. నేను ఈ దూదిలో దొర్లి పెరిగాను."

సుభానీ తలెత్తాడు.

"మరెందుకు చేశావమ్మా?" అన్నాడు బుల్లయ్య.

"మిగతా పది శాతానికి కనుక్కోవాల్సిందే, అది నా డ్యూటీ. కానీ వేరే ఎవరి బండైనా అయితే ముందు టీ కొట్టుకెళ్ళి ఎవరిదని అడిగేదాన్ని. దీని అద్దం మీద సుభానీ అని రాసుంది. అడిగి వదిలేస్తే, తనవాడని వదిలేసిందంటారని భయపడ్డాను. నా ఉద్యోగం కాపాడుకోవడానికి ఇతన్ని స్టేషన్‌కి పంపాను."

బుల్లయ్య ఆమె పక్కనే నేల మీద చతికిలపడ్డాడు. తర్వాత ఆయనా చెయ్యి లోపల పెట్టి, గోడ అవతలికి వినపడేలా "కుట్టు బాబూ," అన్నాడు. సుభానీ కుట్టాడు. బండి సర్దుకున్నాడు. ఆమె వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

బుల్లయ్య గొంతు ఊరికే పోలేదు. చుట్టుపక్కల నాలుగు ఊళ్ళ నుంచి సుభానీకి కబురు వెళ్ళింది. అతని బండి దాచేపల్లి దాకా తిరుగుతోందని రిజ్వానా విన్నది. సంతోషించింది. అతని నంబరుకి నాలుగుసార్లు మెసేజ్ రాసి, నాలుగుసార్లూ చెరిపేసింది. అతనంటే ఆమెకు ఇష్టం. ఆ ఇష్టాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పది రోజులు సరిగ్గా నిద్రపోలేదు.

పదకొండో రోజు ఆదివారం. చిలకలూరిపేటలో రిజ్వానా వాళ్ళింటి ముందు ట్రాలీ ఆటో ఆగింది. దిగింది సుభానీ, వాళ్ళ నాన్న గౌస్ బాషా.

"మావాడు పది రోజులుగా పని చెడగొడుతున్నాడమ్మా," అన్నాడు గౌస్ బాషా రిజ్వానా తల్లితో. "రెండు పరుపులు వెనక్కొచ్చాయి. ఇక నా వల్ల కాక తీసుకొచ్చాను."

తల్లి టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. సుభానీ గడప దగ్గరే నిలబడ్డాడు.

"మీ మీద కోపం అనుకున్నానండి. మీ చోట నేనుంటే ఏం చేసేవాణ్ణా అని ఆలోచించా. అదే చేసేవాణ్ణి. అది ఒప్పుకోవడానికి పది రోజులు పట్టింది."

రిజ్వానా కళ్ళు నిండాయి. "ఇప్పుడైతే నేను అలా చెయ్యను."

"మళ్ళీ ఎప్పుడైనా నా మీద అనుమానం వస్తే?"

"ముందు నిన్నే అడుగుతా. నువ్వు చెప్పింది నమ్మకంగా లేకపోతే అప్పుడు ఫోన్ చేస్తా."

సుభానీ గట్టిగా నవ్వాడు. "నాకు అంతే కావాలి. మా నాన్నకి వినపడేలా ఇంకోసారి చెప్పు."

"వినపడింది లేరా," అన్నాడు గౌస్ బాషా, తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటూ. "ముందు అడుగుతానంటోంది. నా అరవై ఏళ్ళలో నన్ను ముందు అడిగినవాళ్ళు ఎవరు?"

టీ గ్లాసులు తెస్తున్న రిజ్వానా తల్లి గుమ్మంలోనే ఆగింది. "అయితే నేనూ ముందే అడుగుతున్నానన్నయ్యా," అంది. "మా పిల్లని మీవాడికి చేసుకుంటారా?"