కొబ్బరినూనె మెరుపు

"వార్నిష్ వేశారా!"

నా అరుపుకి ఆశాజ్యోతి కిటికీ వైపు చూసింది. అక్కడ వార్నిష్ డబ్బా మూత తీసి ఉంది.

"నిన్ననే వేశానండి. చూడ్డానికి వస్తున్నారంటే కాస్త ముస్తాబు చెయ్యొద్దా?"

"గిటార్‌కి పెళ్ళిచూపులేంటండీ! పాతవాటికి పాత పూతే విలువ. అది పోతే కొనేవాళ్ళు ముట్టుకోరు."

"అయితే అమ్ముడుపోదన్నమాట. సరేలెండి," అంది. గొంతులో బాధ లేదు. నాకు అక్కడే అనుమానం వచ్చింది.

పాత గిటార్లు అసలువో నకిలీవో తేల్చి ధర చెప్పడం, అమ్మిపెట్టి కమిషన్ తీసుకోవడం నా పని. రాజమండ్రి నుంచి వంతెన దాటి కొవ్వూరు వచ్చింది అందుకే. నన్ను పిలిపించినవారు ఆశాజ్యోతి మామ్మ సువార్తమ్మగారు. పోయిన భర్త చర్చిలో వాయించిన గిటార్‌ని అమ్మేద్దామని ఆవిడ ఆలోచన.

గిటార్ మధ్యనున్న రంధ్రంలోంచి చిన్న అద్దం లోపలికి దించి చెక్క చూశాను. అసలుదే. తర్వాత పైన రుమాలుతో తుడిచాను. మెరుపంతా రుమాలుకి అంటుకుంది. కొబ్బరినూనె! కింద పాత పూత సన్నని పగుళ్ళతో సహా భద్రంగా ఉంది.

ఆశాజ్యోతి ముఖం పాలిపోయింది. "చెప్పకండి ప్లీజ్. పాడైందంటే మామ్మ అమ్మదు."

"అమ్మొద్దని మీరే అడగొచ్చుగా?"

"నేను వాయిస్తే తాతయ్య గుర్తొచ్చి ఏడుస్తుందండి. అందుకే ముట్టుకోవడం మానేశాను. ఇంక ఏ ముఖం పెట్టుకుని అడగను?"

ఆ కళ్ళు చూస్తే అబద్ధమాడాలనిపించింది. కానీ నా మాట నమ్మే కదా నన్ను పిలుస్తారు. సువార్తమ్మగారు కాఫీ తెచ్చేసరికి నిజమే చెప్పాను.

"అసలైనదేనండి, మంచి ధర వస్తుంది. కానీ మీ మనవరాలికి అమ్మడం ఇష్టం లేదు." నూనె సంగతీ, దాని వెనక కారణమూ చెప్పేశాను. ఆశాజ్యోతి నన్ను కొరకొరా చూసింది.

సువార్తమ్మగారు మనవరాలి వైపు తిరిగారు. "ముట్టుకోవట్లేదంటే నీకు అక్కర్లేదనుకున్నానే పిచ్చిపిల్లా," అన్నారు. "నా ఏడుపు నేను ఏడుస్తాను. నువ్వు వాయించు."

ఆశాజ్యోతి వాయించింది. ఆవిడ ఏడ్చారు. ఆపమని మాత్రం అనలేదు.

గుమ్మం దాకా వచ్చి ఆశాజ్యోతి అడిగింది. "మీ కమిషన్ పోయిందిగా. కోపం రాలేదా?"

"డబ్బా మూత తీసి కూడా ఒక్క చుక్క వెయ్యలేకపోయారు చూశారా, అక్కడే మీరంటే ఇష్టం పుట్టిందండి. ఇంక కోపమెక్కడిది?"

తల వంచుకుంది. జవాబు లోపల్నించి సువార్తమ్మగారిచ్చారు. "బాబూ, ఆదివారం చర్చికి వచ్చెయ్. ఇది వాయిస్తుంది. ఆ రుమాలు ఇచ్చి వెళ్ళు, ఉతికి ఉంచుతుంది."

ఇచ్చాను. దాన్ని తీసుకోవడానికని ప్రతి ఆదివారం వంతెన దాటుతూనే ఉన్నాను. ఇంకా తెచ్చుకోలేదు.