గాలిలో కలిసిపోయిన కర్పూరం

బడి మైదానంలో రెండు ఇటుకల మధ్య కర్పూరం బిళ్ల భగ్గుమంది.

"సూసినారా!" అంటూ జాహ్నవి ఎగిరి గంతేసింది. "అగ్గిపుల్ల సూపించినానో లేదో, అంటుకునేసింది!"

పక్కనే అశ్విని పెట్టిన ఒత్తి ఇంకా మెల్లగా రాజుకుంటోంది. దూది ఒత్తుల్ని కరిగిన కొవ్వొత్తి మైనంలో ముంచి, ఆరబెట్టి తెచ్చింది అశ్విని.

"అది రాజుకునే లోపల మనకు ఆకలేసి, నిద్ర గూడా వచ్చేస్తాది," అంది జాహ్నవి. లోకేష్ కిసుక్కున నవ్వాడు.

"ఇది తడిసినా అంటుకుంటాది మే," అంది అశ్విని చిన్న గొంతుతో.

ఉషారాణి మేడం ఆరో తరగతి పిల్లల్ని మదనపల్లె నుంచి హార్సిలీ హిల్స్‌కు రెండు రోజుల క్యాంపుకు తీసుకెళ్తోంది. జట్టుకు ముగ్గురు; జాహ్నవి, అశ్విని, లోకేష్ ఒక జట్టు. ఎవరి పొయ్యి వాళ్లే వెలిగించాలి, ఎవరి అన్నం వాళ్లే వండుకోవాలి. అగ్గిపెట్టె మేడం దగ్గరే ఉంటుంది. కట్టెలు అంటుకోవడానికి ఏం వాడాలో పిల్లలే ఎంచుకోవాలి.

"మాది కర్పూరమే మేడం!" అని జాహ్నవి అరిచి చెప్పేసింది. అశ్వినిని అడగనేలేదు.

ఆ సాయంత్రం జాహ్నవి దేవుడి గూట్లోంచి కర్పూరం డబ్బా తీసింది. పుంగనూరు నుంచి వచ్చేటప్పుడు రాములమ్మ అవ్వ తెచ్చిన డబ్బా అది. కర్పూరంతో పాటు అందులో నాలుగు మిరియాలు కూడా ఉన్నాయి. "మిరియాలుంటే కర్పూరం యాడికీ పోదు పాపా," అని అవ్వ ఎప్పుడూ అంటుంది.

రేకు డబ్బా తీసుకెళ్తే ఏం బాగుంటుంది? పెళ్లిలో ఇచ్చిన బంగారు రంగు జాలీ సంచి ఒకటి ఉంది. కర్పూరం, మిరియాలు అన్నీ అందులో పోసి, జాహ్నవి కిటికీకి తగిలించింది. గదంతా గుడిలా వాసన వేసింది.

వానల వల్ల క్యాంపు నెల రోజులు వాయిదా పడింది. ఆ నెలలోనే ఇంకో సంగతి జరిగింది. అశ్విని వాళ్ల నాన్న బస్సు కండక్టరు. ఆయనకు కుప్పం బదిలీ అయింది. క్యాంపు నుంచి వచ్చిన మర్నాడే సామాను లారీకి ఎక్కిస్తారు.

ఒకటో తరగతి నుంచీ ఇద్దరిదీ ఒకటే బెంచీ. ఆ మాట విన్న రోజు జాహ్నవికి అన్నం సయించలేదు.

క్యాంపు రోజు జాహ్నవి హడావుడిగా, లోపల చూడకుండానే సంచి తీసుకుని బయల్దేరింది. బస్సు కొండ మలుపులు తిరుగుతుంటే జాహ్నవికి కడుపులో తిప్పింది.

"సంచి పట్టుకో మే," అని జాలీ సంచిని అశ్విని చేతిలో పెట్టి, కిటికీలోంచి తల బయటపెట్టింది. అశ్విని ఒక చేత్తో సంచి పట్టుకుని, ఇంకో చేత్తో దారంతా ఆమె వీపు నిమురుతూనే ఉంది.

కొండ మీద సన్నగా తుంపర. మూడేసి రాళ్లు పెట్టి అందరూ పొయ్యిలు సిద్ధం చేశారు. మేడం అగ్గిపెట్టె పట్టుకుని వచ్చింది.

"ఏదమ్మా మీ కర్పూరం?"

జాహ్నవి సంచి విప్పి అరచేతిలో గుమ్మరించింది. నాలుగు మిరియాలు పడ్డాయి. అంతే.

"పొంగలి చేసుకుందామా?" అన్నాడు లోకేష్. పక్క పొయ్యి వాళ్లంతా పకపకా నవ్వారు.

జాహ్నవి చెవులు వేడెక్కాయి. నోటికొచ్చిన మాట జారిపోయింది.

"బస్సులో సంచి అశ్విని దగ్గర ఉన్నింది మేడం."

అశ్విని ఆమెకేసి చూసింది. పోయి నీలగిరి చెట్టు కింద అటు తిరిగి కూర్చుంది.

తడి కట్టెలకు నిప్పు అంటుకోలేదు. మాట మాత్రం పొయ్యి నుంచి పొయ్యికి పాకింది. "ఒత్తులు వద్దన్నారని కోపమొచ్చి, అశ్విని కర్పూరం దాచేసిందంట!"

మేడం సంచి తీసుకుని వాసన చూసింది. "నెల రోజులూ దీంట్లోనే పెట్టినావా? మూత గట్టిగా లేకపోతే కర్పూరం గాల్లో కలిసిపోతుంది కదమ్మా."

"మిరియాలు ఉండాయి కదా మేడం?"

"మిరియాలకేమైనా కాళ్లున్నాయా, వెంటబడి పట్టుకొచ్చేందుకు?"

లోకేష్ మళ్లీ నవ్వాడు. జాహ్నవి నవ్వలేదు. చెట్టు కింద అశ్విని వీపు కనిపిస్తోంది. ఎల్లుండి ఆ వీపు కూడా కనిపించదు. కుప్పం దూరమే. అయినా బస్సుంది. ఇలా విడిపోతే మాత్రం మళ్లీ కలవడానికి ఏ బస్సు ఎక్కాలి?

జాహ్నవి చెట్టు దగ్గరికి పోయింది.

"నువ్వు తీయలేదు. నాకు తెలుసు. తెలిసే అన్నా."

అశ్విని ఇటు తిరిగింది. "యాల అన్నావు మరి?"

"అందరూ నన్నే సూస్తాండారని."

"ఇప్పుడు నన్ను సూస్తాండారు," అంది అశ్విని.

జాహ్నవి కళ్లలో నీళ్లు తిరిగాయి. అశ్విని చున్నీతో ముఖం తుడుచుకుని, జేబులోంచి చిన్న డబ్బా తీసింది. అందులో మైనం ఒత్తులు ఉన్నాయి.

"నువ్వు వద్దన్నా తెచ్చినా. పా, లోకేష్‌కు ఆకలేస్తాంటాది."

మేడం దగ్గరుండి అగ్గిపుల్ల గీయించింది. ఒత్తి మెల్లగా రాజుకుంది. గాలి తగలకుండా జాహ్నవి రెండు చేతులూ అడ్డం పెట్టింది. ముందు సన్నటి పుల్లలు అంటుకున్నాయి. తర్వాత పెద్ద కట్టె పొగ కక్కి, చిటపటమని మండింది. ముగ్గురూ కలిసి బియ్యం కడిగి గిన్నె ఎక్కించారు.

అప్పుడే పక్క పొయ్యి దగ్గర ఎవరో అన్నారు. "కర్పూరం దొంగకు నిప్పు యాడిదప్పా?"

గిన్నె మీద మూత పెడుతున్న అశ్విని చెయ్యి ఆగిపోయింది.

జాహ్నవి లేచింది. పక్క పొయ్యి దగ్గరికి పోయి నిలబడింది. "అశ్విని ఏమీ తీయలేదు. మూత లేని సంచిలో నేనే పెట్టినా. అది గాలికి పోయింది. అబద్ధం సెప్పింది గూడా నేనే."

వాళ్లు నోళ్లు తెరిచి చూశారు. జాహ్నవి ఇంకో పొయ్యి దగ్గరికి పోయింది. అక్కడా అదే చెప్పింది. ఆ తర్వాత ఇంకో పొయ్యి. తుంపరకు జడలు తడిసిపోయాయి.

"చాల్లే, రా మే!" అని అశ్విని అరిచింది. "అన్నం ఉడికిపోయింది!"

చివరి పొయ్యి వరుణ్ జట్టుది. వరుణ్ ఏడిపించడం మొదలుపెడితే సంవత్సరమంతా వదలడు. జాహ్నవి ఒక్క క్షణం ఆగింది.

"మీరు వడ్డించుకోండి," అంది వెనక్కి తిరిగి. "ఇంకొక్క పొయ్యి ఉండాది."

తల మీది నీళ్లు తుడుచుకుంటూ అటు నడిచింది.