ఎర్రతామర సీసా

"ఆ నశ్యం ముక్కుకెక్కిందా, గోవిందరాజులు గారు మనకు దక్కరు," అన్నాడు చీఫ్ రాజారావు.

స్క్రీన్ మీద బొటనవేలంత సీసా. పాలరంగు గాజు మీద ఎర్రగాజు పొర. ఆ పొరను తామరపూలుగా చెక్కారు. పాతకాలపు చైనా నశ్యం సీసా. మూతకే చిన్న చెంచా. లోపలున్నది విషం.

"శత్రు ముఠా కోడ్ పగలగొట్టిన సైంటిస్టు ఆయన. ఇవాళ గ్లాస్గో హోటల్లో ఎవరో ఆయనకు దీన్ని కానుకిస్తారు. ఎవరో తెలీదు. కోడ్‌వర్డ్ 'టీ చల్లారింది'. అనగానే బ్యాకప్ పైకొస్తుంది."

ఏజెంట్ చక్రి తుమ్మాడు.

"ఏంటయ్యా ఆ జలుబు?"

"మా పేటలో జీపీ డాక్టర్ అపాయింట్‌మెంట్ వచ్చే నెలకిచ్చారు సర్."

హోటల్ లిఫ్టులో చక్రి వీల్‌చైర్‌లో ఉన్నాడు. పక్షవాతం ముసలాయన వేషం. తెల్ల విగ్గు, బొత్తంలో మైక్, వాచీలో మత్తు సూది. వెనక నల్ల పట్టుచీరలో, కూతురి వేషంలో తోటి ఏజెంట్ నీలిమ. లిప్‌స్టిక్ కోసం ఆమె హ్యాండ్‌బ్యాగ్ తెరిచింది. లిఫ్టు అద్దంలో చక్రికి కనిపించింది, అందులో ఎర్రతామరల సీసా!

"టీ చల్లారింది!" అన్నాడు బొత్తంలోకి.

ఆమె ఉంగరం అతని మెడలో గుచ్చుకుంది.

"సారీ చక్రీ. నేను మొదట్నుంచీ వాళ్ల మనిషినే. బ్యాకప్ మెట్లెక్కేలోపు నా పనైపోతుంది."

చేతులు చచ్చుబడ్డాయి. నాలుక కదల్లేదు. వేషమే నిజమైంది.

గదిలో గోవిందరాజులు సీసాను వెలుగుకి పెట్టి చూశాడు. "అబ్బ! ఏం చెక్కాడమ్మా! వెంట్రుకంత లోతు ఎక్కువైనా రేకు ఊడొచ్చేది. నాన్నగారికి మాట లేదా?"

"లేదంకుల్. ఒక్క పట్టు పీల్చి చూడండి."

చక్రి కళ్లతో అరిచాడు. ఆయన సీసానే చూస్తున్నాడు. చెంచా ముక్కు దగ్గరకు లేచింది.

హాచ్!

చెయ్యి ఆగింది. ఆయన మూత బిగించి కూర్చున్నాడు. "ఒంటి తుమ్ము. కాసేపు ఆగాలి. మంచినీళ్లియ్యమ్మా."

"మీరు సైంటిస్టు కదా అంకుల్!"

"సైన్సు సైన్సే, తుమ్ము తుమ్మే."

నీలిమ పళ్లు బిగించి గ్లాసు నింపింది. దూరంగా మెట్ల మీద బూట్ల చప్పుడు. అంతలో చక్రి ముక్కు మళ్లీ దురద పెట్టింది. రెండో తుమ్ము వస్తే దోషం పోతుంది! ముక్కు నలుపుకుందామంటే చెయ్యి లేవదు.

హాచ్!

"ఆఁ, రెండు! ఇక శుభం." ఆయన హుషారుగా మూత తీశాడు. చెంచా పైకి లేచింది.

తలుపు విరిగింది. బ్యాకప్ ఏజెంట్ రచన దూకి ఆయన చేతిని కొట్టింది. చెంచా ఎగిరి నీళ్లగ్లాసులో మునిగింది. నీలిమ చేతులు పైకెత్తింది.

సాయంత్రానికి చక్రి నాలుక కదిలింది. చీఫ్ ఫోన్ చేశాడు.

"వాచీ పనిచేసిందా?"

"లేదు సర్."

"మరి ఆయన్ని ఆపిందేంటి?"

"జలుబు సర్. జీపీ టైముకి చూసుంటే ఆయన పోయేవారు."